కారవాన్‌కి పట్టిన ధనిష్ఠ

బూజు గురించి నాకు తెలిసినంత మలేసియాలోని మా బంటింగ్ ఊరు మొత్తంలో ఎవరికీ తెలియదు. గొప్పకి చెప్పుకోవడం లేదు, కడుపుమంటతో చెబుతున్నాను. బిస్కట్ ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పనిచేస్తాను. గాలిలో తేమ ఎంత చేరితే బూజు మొలుస్తుందో, పిండి బస్తా ఎక్కడ పెడితే పాడవుతుందో, ఎక్కడ పెడితే బతుకుతుందో చూడడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని, నా ఇంటి పక్కనే మా అమ్మ ఇంటిని బూజు తింటూ ఉంటే కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ నిలబడాల్సి వచ్చింది. తలుపు తియ్యడానికి వీల్లేదు. ఎందుకంటే మా నాన్న ధనిష్ఠ నక్షత్రంలో పోయాడు.

అమ్మ ఇల్లంటే కారవాన్. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే, చక్రాలున్న గది. మా నాన్న జయరామ్ బస్సుల షెడ్డులో మెకానిక్‌గా రిటైరయ్యాక, సొంత దేశం వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషాయన దగ్గర పాతది కొన్నాడు. లోపలి కుళ్ళిన చెక్కలన్నీ పీకేసి, కొత్త ప్లైవుడ్ వేసి, మంచం, బల్ల, గ్యాసు పొయ్యి, గోడకి చిన్న ఏసీ, అన్నీ తన చేత్తోనే అమర్చాడు. ఇద్దరూ దానిలో దేశమంతా తిరిగారు. ఇపోలో చుట్టాల ఇంటికి వెళ్ళినా రాత్రి పడక కారవాన్‌లోనే.

మా అమ్మ బంగారమ్మ పుట్టింది రబ్బరు ఎస్టేట్‌లో, కూలీల లైను ఇంట్లో. పెళ్ళయ్యాక తోటికోడళ్ళతో కలిసి ఒక్క వంటిల్లు. ఆ తర్వాత అద్దె ఇళ్ళు, ఇప్పుడు నా ఇల్లు. నా ఇంట్లో ఫ్రిజ్ తెరవాలంటే ఇప్పటికీ “తియ్యనా?” అని నన్ను అడుగుతుంది. అడగొద్దమ్మా అంటే నవ్వుతుంది, మర్నాడు మళ్ళీ అడుగుతుంది. ఒక్క కారవాన్‌లో మాత్రం ఎవరినీ ఏమీ అడగదు. ఏ డబ్బా ఎక్కడ ఉండాలో తనే చెబుతుంది. అరవై దాటాక దొరికిన సొంత ఇల్లు అది. నాన్న పోయాక కూడా అమ్మకి ఉన్న ఆశ ఒక్కటే, నా ఇంటి పక్క ఖాళీ జాగాలో ఆ కారవాన్ పెట్టుకుని అందులోనే ఉండాలని. నా వంటింట్లో అమ్మ పరాయిదానిలా నిలబడడం చూడలేక నాకూ అదే కావాలి.

కారవాన్‌తో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. చలికాలమంతా బండి వాడకుండా ఉంచేటప్పుడు బూజు పట్టకుండా ఏం చెయ్యాలో అందులో ఉంది. పరుపులు నిలబెట్టాలి, అరల తలుపులు తీసి ఉంచాలి, గాలి కంతలన్నీ తెరిచి ఉంచాలి. నాన్న చదివి నవ్వేవాడు. “ఆళ్ళకి గాలి ఎండుగా ఉంటాది కాబోలు. మనకాడ గాలే నీళ్ళు గదే,” అనేవాడు. మాకు చలికాలం ఎక్కడిది, వానలు ముదిరే నెలలే మా చలికాలం. అందుకని పుస్తకాన్ని మా ఊరికి తగ్గట్టు మార్చుకున్నాడు. పరుపులు నిలబెట్టేవాడు, అరలు తెరిచేవాడు, కానీ గాలి కంతలు మూసేసేవాడు. మూలమూలనా డబ్బాల్లో బొగ్గులు పోసి పెట్టేవాడు. సాయంత్రాలు ఏసీని తేమ లాగే పద్ధతిలో కాసేపు నడిపేవాడు. నా ఫ్యాక్టరీ గిడ్డంగిలో కూడా అంత శ్రద్ధ లేదు. ఒక్క ఏడాది ఒక్క మచ్చ పడితే ఒట్టు.

ఈసారి అక్టోబరులో, వానలకి బండి మూసేముందు చివరిసారి అని మోరిబ్ బీచ్‌కి వెళ్ళారు. తెల్లవారింది, అమ్మ టీ ఇచ్చింది, నాన్న సగం తాగాడు. మిగతా సగం తాగలేదు. గుండె అన్నారు డాక్టరు. నేనూ మా ఆయన దేవన్ వెళ్ళేసరికి అమ్మ కారవాన్ మెట్టు మీద కూర్చుని ఉంది, ఏడవడం లేదు, సముద్రం వైపు చూడడం కూడా లేదు.

ఇక పెదనాన్న గురించి చెప్పాలి. నాన్నకి అన్న, కూర్మయ్య. ఎస్టేట్ ఆఫీసులో గుమాస్తాగా చేసినవాడు. ఈ దేశంలో పుట్టి పెరిగిన మా వాళ్ళలో తెలుగు రాయడం, చదవడం వచ్చిన చివరి తరం ఆయనది. ఆయన దగ్గర వైజాగ్ నుంచి ఏటేటా తెప్పించుకునే తెలుగు పంచాంగం ఉంటుంది. చుట్టుపక్కల ఏ తెలుగింట్లో పెళ్ళైనా, గృహప్రవేశమైనా, చావైనా ఆ పంచాంగమే దిక్కు. వేరెవరూ దాన్ని చదవలేరు కాబట్టి ఆయన మాటే వేదం. నాకు మాత్రం కొంచెం వచ్చు. చిన్నప్పుడు నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఆయనే, ఆ మంచితనం కాదనలేను.

దహనం అయి వచ్చిన సాయంత్రం ఆయన పంచాంగం తీశాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు, మూసేశాడు.

“ధనిష్ఠ,” అన్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.

మా వాళ్ళలో లెక్క ఏమిటంటే, ధనిష్ఠలో పోయినవాడు అంత తొందరగా వెళ్ళిపోడు. పోయిన ఇంటినే పట్టుకుని ఉంటాడు. అందుకని ఆ ఇంటిని ఆరు నెలలు మూసిపెట్టాలి, ఎవరూ అడుగుపెట్టకూడదు. లేకపోతే ఇంట్లో ఇంకొకరిని పట్టుకుపోతాడని భయం.

“పోనాది కారవాన్‌లో. అదే ఆడి ఇల్లు. దానికే తాళం,” అన్నాడు పెదనాన్న.

నిజం చెప్పాలంటే ఆ మాటకి అందరికీ ప్రాణం లేచి వచ్చింది. దేవన్ నా చెవిలో, మాట చివర మలేసియా అలవాటు ‘లా’ తగిలించి, “మన ఇల్లు కాదు లా, బతికిపోయాం,” అన్నాడు కూడా. ఆ క్షణంలో నాకూ అంతే అనిపించింది. తర్వాత తట్టింది.

“పెదనాన్నా, ఒక్క గంట ఇయ్యి. లోపల సర్దేసి వస్తాను. పరుపులు నిలబెట్టాలి, పాత్రలు తియ్యాలి. వానలొచ్చేసినాయి.”

“వద్దు. ఏది ఎలగుంటే అలగే. ముట్టుకోకూడదు.”

అలాగే లాక్కొచ్చి మా ఇంటి పక్కన రేకుల కింద పెట్టారు, అలాగే తాళం వేశారు. పక్క పరిచి ఉంది. గిన్నెలో అన్నం ఉంది. సగం టీ ఉంది. ఫ్యాక్టరీలో ఎవరైనా పిండి గదిని ఆ స్థితిలో మూసి వెళితే ఆ రోజే ఉద్యోగం పోతుంది. తాళంచెవి పెదనాన్న తీసుకుపోయాడా అంటే అదీ లేదు. మా హాల్లో నాన్న ఫోటో కింద మేకుకి తగిలించి వెళ్ళాడు. చెయ్యి చాపితే అందుతుంది. ఆ చెయ్యి చాపడానికే ఎవరికీ ధైర్యం లేదు, నాకూ లేదు. నాకు ఇద్దరు పిల్లలున్నారు. నమ్మకం లేదని నోటితో అనడం వేరు, పిల్లలున్న ఇంట్లో తాళం తియ్యడం వేరు.

అమ్మ రోజూ సాయంత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కారవాన్ తలుపుకి ఎదురుగా కూర్చునేది. వాన పడితే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకునేది, మా ఇంట్లోకి మాత్రం వచ్చేది కాదు.

మొదటి మచ్చలు కిటికీ రబ్బరు మీద వచ్చాయి. ఆవాలు చల్లినట్టు నల్లగా. వారం తిరిగేసరికి పైకప్పు మూలల్లో పాకాయి. నేను పెదనాన్న ఇంటికి పరుగెత్తాను. ఆయన వరండాలో కూర్చుని కోపీ తాగుతున్నాడు.

“తలుపు తియ్యొద్దన్నావు, సరే. ఒక్క కిటికీ తీసి బొగ్గుల డబ్బా లోపల పెడతాను.”

“కిటికీ మాత్రం తలుపు కాదేటి? సిన్న తలుపు.”

“పోనీ పైకప్పు మీద గాలి మూత ఉన్నాది. అది తలుపు కాదు గదా.”

“కన్నం కన్నమే. ఆడిప్పుడు మనిషి కాడు, తలుపులోంచే రావాలని లేదు.”

“అలాగైతే తలుపు మూసి ఏటి లాభం? సందుల్లోంచి రాడేటి?”

పెదనాన్న కోపీ కప్పు కింద పెట్టాడు. “నీకు సదువెక్కువైపోనాది,” అన్నాడు. చిన్నప్పటి నుంచీ నేను సరైన ప్రశ్న వేసినప్పుడల్లా ఆయన ఇచ్చే జవాబు అదే.

అమ్మతో చెబితే అమ్మా అంతే. “మీ పెదనాన్న పెద్దోరు. ఆయన మాట కాదనకూడదు లా,” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇల్లు ఎవరిదని? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇద్దరి ముందూ ఎంతకని ఊదను! అమ్మ మీది కోపం పిల్లల మీద చూపించాను, పిల్లలు దేవన్‌కి చెప్పారు, దేవన్ నాకు సాయం చెయ్యాలనుకున్నాడు. అదే నా ఖర్మ.

నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి కారవాన్ మొత్తం నీలం కాన్వాసు కప్పి, తాళ్ళతో బిగించి, చేతులు దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. “ఇంక వాన జల్లు లోపలికి పోదు,” అన్నాడు ఎంతో సంతోషంగా. గోరుచుట్టు మీద రోకటిపోటు. తేమ బయట కొట్టే జల్లులో లేదు, లోపల ఉంది. దాని మీద దుప్పటి కప్పితే అది ఆవిరి పట్టినట్టు ఉడికి బూజుకి పెళ్ళిభోజనం అవుతుంది. నేను అరుచుకుంటూ తాళ్ళు కోసేశాను. పాపం, సాయం చెయ్యబోయి తిట్లు తిన్నాడు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ కోపంలోనే నేను పంచాంగం మీద పడ్డాను. మర్నాడు పెదనాన్న ఇంట్లో ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బల్ల మీది పంచాంగం తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, నాన్న పోయిన రోజు పేజీ చదివాను. పొద్దున్న ఏడింటి దాకా శ్రవణం, ఆ తర్వాత ధనిష్ఠ. నాన్న పోయింది ఎనిమిదింటికి. సరిగ్గానే ఉంది. నీరసంగా పుస్తకం మూస్తూ అట్ట చూశాను. విశాఖపట్నం.

పెదనాన్న తుండుతో తల తుడుచుకుంటూ వచ్చాడు.

“పెదనాన్నా, ఈ ఏడు గంటలు ఎవరి ఏడు?”

“ఏడు ఏడే. ఎవరి ఏడేటి?”

“ఇది ఇండియాలో ఏడు. అక్కడ ఏడైతే మనకి తొమ్మిదిన్నర. నాన్న పోయినప్పుడు వైజాగ్‌లో ఇంకా ఐదున్నర. శ్రవణమే నడుస్తున్నాది. ధనిష్ఠ రాలేదు.”

ఆయన తల తుడుచుకోవడం ఆపేశాడు. నేను గెలిచాననుకున్నాను. నా బతుకులో ఆయన దగ్గర గెలవడం అదే మొదలు.

“నచ్చత్రం ఆకాశంలో ఉంటాదే. దానికి ఇండియా ఏటి, మలేసియా ఏటి?” అన్నాడు చివరికి.

“నక్షత్రం మారదు. గడియారం మారుతుంది. నువ్వు చూసింది గడియారం.”

“నలబై ఏళ్ళుగా ఈ పుస్తకం సూసే ముహూర్తాలు పెడతన్నాను,” అన్నాడు పెదనాన్న. “ఎంతమంది పెళ్ళిళ్ళు సేసినాను! నీ పెళ్ళీ నేనే పెట్టినాను. అయ్యన్నీ తప్పంటావేటి?”

అదీ సంగతి. ధనిష్ఠ తప్పైతే సుంగై సుమున్ నుంచి క్లాంగ్ దాకా తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళన్నీ తప్పు టైములో అయినట్టే. పసుపు తాళ్ళు కట్టుకున్న ఆడవాళ్ళంతా ఆయన కళ్ళ ముందు వరసగా నిలబడ్డారేమో. ఆ వరసలో నేనూ ఉన్నాను. దేవన్‌తో నా జగడాలన్నిటికీ కారణం ఇన్నాళ్ళకి దొరికిందని ఒక్క క్షణం నవ్వొచ్చింది కూడా. కానీ ఆయన నవ్వలేదు.

“నా పంచాంగంలో ధనిష్ఠ అనే ఉన్నాది. అంతే,” అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

గుడిలో గురుక్కళ్ అని పిలిచే పూజారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు వైపులా విన్నాడు, సందేహం వచ్చినప్పుడు మూసి ఉంచడమే క్షేమం అన్నాడు. అందరికీ క్షేమమే, ఒక్క ప్లైవుడ్‌కి తప్ప.

డిసెంబరు వానల్లో నాకు ఒక దొంగదారి తట్టింది. ఇన్నాళ్ళు ఎందుకు తట్టలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. నాన్న ఏసీ! కారవాన్‌కి కరెంటు ఎక్కించే ప్లగ్గు బయట గోడకే ఉంది. ఏసీ రిమోట్ లోపల ఉండిపోయింది, నిజమే. కానీ ఏ ఏసీకైనా పనిచేసే రిమోట్లు కొట్లో దొరుకుతాయి. ఒకటి కొన్నాను, మా వంటింటి నుంచి పొడుగు వైరు లాగి ప్లగ్గు పెట్టాను, కిటికీ అద్దానికి రిమోట్ ఆనించి నొక్కాను. తలుపు తియ్యలేదు. కిటికీ తియ్యలేదు. కన్నం లేదు.

లోపల కీచుమని మోగింది. ఏసీ రెక్క మెల్లగా పైకి లేచింది.

నాకు ఏడుపొచ్చింది. నాన్నే లేచాడా అన్నంత ఏడుపు. కాసేపటికి కింద గొట్టం లోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడడం మొదలైంది. బకెట్టు పెట్టాను. మర్నాటికి సగం బకెట్టు నీళ్ళు. గాలి లోంచి పిండిన నీళ్ళు! ఫ్యాక్టరీలో ఎన్నిసార్లు చూశానో అలాంటి నీళ్ళు, ఏనాడూ అంత ముద్దుగా కనబడలేదు. రోజూ సాయంత్రం నడిపాను. అమ్మ కుర్చీలో కూర్చుని బకెట్టులో చుక్కల చప్పుడు వినేది. “మీ నాన్న కూడా ఇలగే సేసేవోరు,” అంది ఒక రోజు. మచ్చలు పాకడం ఆగింది.

ఆగిందని ఊరుకుంటే బాగుండేది. పక్కింటి కాక్ మా అనే మలాయి ఆవిడకి, తాళం వేసిన బండిలో ఆకుపచ్చ దీపం వెలుగుతున్నట్టు, ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. ఆవిడ తప్పు లేదు, నిజంగానే దీపమూ ఉంది, చప్పుడూ ఉంది. ఆవిడ ప్రార్థన చదువుకుని ఎదురింటి వాళ్ళకి చెప్పింది, ఎదురింటి వాళ్ళు కొట్లో చెప్పారు, కొట్లో మాట పెదనాన్నకి చేరింది. మోటార్ సైకిలు మీద వచ్చాడు, బకెట్టు చూశాడు, వైరు చూశాడు.

“సచ్చిపోనోడికి ఏసీ ఏసినావేటే?”

“చచ్చిపోయినవాడికి కాదు పెదనాన్నా, చెక్కకి. నాన్న చేసిన చెక్కకి.”

“ఊరంతా ఏటంటన్నారో తెలుసా? జయరామ్ తిరగతన్నాడంటన్నారు. నా తమ్ముడు దెయ్యమైపోనాడంటన్నారు!”

ఆయన ప్లగ్గు పీకాడు. వైరు మొత్తం చుట్ట చుట్టి మోటార్ సైకిలుకి తగిలించుకుని పోయాడు. నా వైరు! వైరు లేకపోతే ఇంకొకటి కొనలేనా, కొనగలను. అసలు కొని తెచ్చాను. ప్లగ్గు పెట్టబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“వద్దులే పునితా. ఆయన్ని దెయ్యమనిపించకు.”

ఆ మాట తర్వాత నా చేతులు కట్టేసినట్టయింది. మింగలేను, కక్కలేను. ఫ్యాక్టరీలో మా పై అధికారి తినగరన్ ఒక బస్తా అంచున చిన్న మచ్చ కనబడిందని నా మీద ఎగిరితే, ఆయన ముందే ఏడ్చేశాను. ఆయన కంగారుపడి మచ్చ చిన్నదే లెమ్మన్నాడు.

జనవరిలో వాన వారం పాటు వదల్లేదు. ఒక సాయంత్రం అమ్మ కుర్చీ లోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అన్ని నెలల్లో అమ్మ లోపలికి తొంగిచూడడం నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపు చూసింది. తిరిగొచ్చి కూర్చుంది. నేను వెళ్ళి చూశాను. నాన్న దిండు మీద తల ఆనిన గుంట ఇంకా అలాగే ఉంది. ఆ గుంటలో బూడిదరంగు బూజు పిల్లి బొచ్చులా మొలిచింది.

పెదనాన్నకి ఫోన్ చేశాను. “నువ్వొచ్చి నీ కళ్ళతో చూసి, అప్పుడు చెప్పు,” అన్నాను, అంతే. ఆయన వానకోటు వేసుకుని వచ్చాడు. కిటికీ లోంచి చూశాడు. మొహం పాలిపోయింది.

“ఇంకెంత, ఏప్రిల్ దాకానే గదా,” అన్నాడు, నా వైపు చూడకుండా.

నాలో ఏదో తెగింది. వానలో నిలబడే అరిచాను. ఏప్రిల్‌కి చెక్క మిగలదన్నాను. అమ్మకి ఉన్న ఒక్క ఇల్లు అన్నాను. ఇంకొకరి ఫ్రిజ్ ముందు నిలబడి తియ్యనా అని అడుక్కునే బతుకు అమ్మకి నువ్వే రాసిపెడుతున్నావన్నాను. అది ధనిష్ఠ కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసన్నాను. పెద్దవాడని చూడకుండా నోటికొచ్చినదల్లా అన్నాను. అనేశాక నాకే భయమేసింది.

పెదనాన్న అరవలేదు. వానకోటు టోపీ వెనక్కి తీశాడు. తల తడిసిపోయింది.

“తెలుసే,” అన్నాడు. “నువ్వు సెప్పి ఎల్లిన రోజే మళ్ళీ లెక్క సూసుకున్నాను. నీదే కరెక్టు. ధనిష్ఠ కాదు.”

“మరి?”

“ధనిష్ఠ కాకపోతే ఆడు ఎల్లిపోయినట్టే గదే.” ఆయన కారవాన్ వైపు చెయ్యి చూపించాడు. “నేను ఎత్తుకుని పెంచినోడు. ఒక మాట సెప్పకుండా, సెలవు అడగకుండా పోనాడు. తాళం ఉన్నన్నాళ్ళూ లోపలున్నాడనుకుంటాను. ఈ దారంట పోతా బండి కాడ ఆగి, ఏరా అంటాను. తలుపు తీస్తే ఆడు ఎల్లిపోతాడు పునితా. ఇంకెక్కడికెల్లి పిలవను?”

ఇన్ని నెలలు నేను తేమతో పోట్లాడాను, పంచాంగంతో పోట్లాడాను. ఈ మాటతో ఎలా పోట్లాడాలో నాకు తెలియదు.

అమ్మ కుర్చీ లోంచి లేచింది. బావగారైన పెదనాన్న ఎదుట నిలబడి ఆవిడ మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. ఏం చెప్పాలన్నా నాన్న చేత చెప్పించేది, ఆ తర్వాత నా చేత.

“బావగారూ, ఆయన లోపలున్నారా?”

“ఉన్నాడమ్మా,” అన్నాడు పెదనాన్న తల వంచుకుని.

“నిజంగా ఉన్నారా?”

“నాకైతే ఉన్నట్టే ఉంటాది.”

“మరి ఆయన లోపలుంటే నేను బైట కూకుని ఏటి సేత్తన్నాను?”

అమ్మ ఇంట్లోకి వెళ్ళి తాళంచెవి తెచ్చింది. పెదనాన్న అడ్డం రాలేదు, నేనూ కదల్లేదు. తాళం తుప్పుపట్టి తిరగకపోతే అమ్మ చెంగుతో పట్టుకుని గట్టిగా తిప్పింది. తలుపు తియ్యగానే వాసన మొహానికి కొట్టింది. పుల్లటి, మట్టి వాసన. నాకు దగ్గొచ్చింది. అమ్మ ఆగకుండా మెట్టెక్కి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక కిటికీ తెరుచుకుంది, తర్వాత ఇంకొకటి. నేను తేరుకుని ఇంట్లోకి పరుగెత్తి వెనిగర్ సీసా, పాత గుడ్డలు, బకెట్టు తెచ్చాను. వచ్చేసరికి లోపల నుంచి అమ్మ గొంతు వినబడుతోంది. మెల్లగా కాదు. నా ఇంట్లో ఎన్నడూ వినని గొంతు, కారవాన్‌లో మాత్రమే వినబడే గొంతు.

“ఏటండీ ఇది? తడి తువ్వాలు పక్క మీద పడేస్తారేటి ఎవులైనా? ఎన్నిసార్లు సెప్పినాను మీకు? లెగండి, లెగండి. పరుపు ఎత్తాల. ఒక్క పని సక్కగా సెయ్యరు, అన్నీ నామీదే ఒదిలేసి...”

అక్కడ గొంతు ఆగింది. అప్పుడు ఏడ్చింది అమ్మ. అన్ని నెలలూ ఏడవని ఏడుపంతా ఏడ్చింది. ఏడుస్తూనే దేన్నో లాగుతున్న చప్పుడు, దులుపుతున్న చప్పుడు.

పెదనాన్న వానలోనే నిలబడి వింటున్నాడు. వానకోటు విప్పి కుర్చీ మీద వేశాడు. నా చేతిలోంచి ఒక గుడ్డ తీసుకున్నాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఇరుకు తలుపులోంచి లోపలికి వంగాడు.

“ఒరేయ్ జయరామూ,” అన్నాడు, “కొంచెం జరగరా.”